బంధువు కాడని రాసివ్వవలెను

గురజాల బోర్డు హైస్కూల్లో సైన్సు చెప్పే కండ్లకుంట శ్రీమన్నారాయణకు తల్లి లేదు, తండ్రి లేడు, తోబుట్టువులు లేరు, ముప్ఫై దాటినా పెళ్ళి కాలేదు. అలాంటి మనిషి వీధిలో అడుగుపెడితే చాలు, అన్నీ చుట్టరికాలే.

పక్కింటి అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని కూర్చునే గోపాలకృష్ణయ్యగారు తాలూకా ఆఫీసులో హెడ్డుగుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. ఆయన శ్రీమన్నారాయణను "ఒరేయ్ అల్లుడా" అని పిలిచేవారు. ఆయనకు కూతుళ్ళు లేరు. కూతురు లేని మామగారికి అల్లుడెక్కణ్ణించి వచ్చాడని వీధిలో ఎవరూ అడగలేదు. వీధి మూలమీద బట్టల కొట్టు అబ్దుల్ మజీద్‌ది. ఆయన పంచాయతీ బోర్డు మెంబరు కూడా. శ్రీమన్నారాయణ ఆయన్ని "బాబాయ్" అంటే, ఆయన "ఏం బేటా" అనేవాడు. ఎదురింటి కోటమ్మ మొగుడు పోయాక రెండు గేదెల్ని నమ్ముకుని బతుకుతోంది. పొద్దున్నే చెంబులో పాలు పోస్తూ ఏదో ఒకటి అనకుండా కదిలేది కాదు.

"ఏరా అబ్బాయ్, పిన్ని పాలల్లో నీళ్ళున్నాయని బళ్ళో పిల్లకాయలకి చెప్తున్నావంటగా?"

"ఏ పాలల్లోనైనా నీళ్ళే ఎక్కువుంటాయని చెప్పాను పిన్నీ. అది పాఠం."

"నీ పాఠం మండా. రేపట్నించి నీళ్ళే పోస్తా. అందులో పాలెంతున్నాయో అది చెప్పు పిల్లకాయలకి."

ఈ సందడంతా వాకిట్లోనే. గడప దాటి లోపలికి వెళితే ఒక్క గది, ఒక్క మనిషి. కుంపటి మీద అన్నం వండుకోవడం, ఆ అన్నం తింటూ ఎదురుగా గోడవార పేర్చిన రాళ్ళ వంక చూడటం. అవన్నీ సెలవుల్లో మాచర్ల గుట్టల్లోనూ కృష్ణ ఒడ్డునా తిరిగి ఏరుకొచ్చినవి. మద్రాసులో ఆయన చదివింది భూగర్భశాస్త్రం. ఆ చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క సైన్సు మాస్టరయ్యాడు. అన్నం తినేటప్పుడు తలుపు మూసేవాడు కాదు. ఎవరైనా పిలిస్తే వినిపించాలి కదా. నిజానికి ఆ వేళప్పుడు ఎవరూ పిలవరు. భోజనాల వేళకు ఎవరిళ్ళు వాళ్ళవి, ఎవరి మనుషులు వాళ్ళకు. అయినా తలుపు తీసే ఉండేది.

యుద్ధం ముగిసి ఓడలు మళ్ళీ మామూలు జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టాక, ఆయన ధైర్యం చేసి స్కాట్లండులో ఒక విశ్వవిద్యాలయానికి రాశాడు, అక్కడ ఆ రాళ్ళ చదువే ఇంకాస్త చదువుకుంటానని. సీటు దొరికితే ఖర్చు భరిస్తామని ఒక జమీందారుగారి ధర్మనిధి వారు ఒప్పుకున్నారు. సీటుకు ఏమేం కావాలో చెబుతూ, మద్రాసులో ఇలాంటి దరఖాస్తులు చూసే ఆఫీసు నుంచి ఒక లావుపాటి కవరొచ్చింది.

ఆ సాయంత్రం వీధి వీధంతా గోపాలకృష్ణయ్యగారి అరుగు దగ్గర చేరింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఇంగ్లీషు ముక్క ఒకటి చదివి, దాన్ని తెలుగు చేసి, జనం మొహాలు చూసి, తర్వాతి ముక్కకు పోయేవారు. డిగ్రీ పత్రం నకలు కావాలి, దాని మీద పెద్ద ఆఫీసరు సంతకం ఉండాలి. మార్కులు మనం పంపితే చెల్లవు, చదివిన యూనివర్సిటీ వారే సీలు వేసి పంపాలి. ఊపిరితిత్తుల్లో ఏ జబ్బూ లేదని డాక్టరు రాసివ్వాలి. తల మీద ఏమీ లేకుండా, భుజాల దాకా ఫొటో తీయించుకోవాలి.

"భుజాల దాకానేనా?" కోటమ్మ నొచ్చుకుంది. "మనిషికి కాళ్ళున్నయ్యో లేవో చూసుకోరా? గేదెనే అట్టా కొనరే!"

"అది కాదు బేటా," అన్నాడు మజీద్, "రాళ్ళు చూట్టానికి సీమదాకా ఎందుకు? రెంటచింతల పక్క చేలల్లోకి పో. పైరు కంటే అవే ఎక్కువ."

"ఉండండయ్యా, ఇంకొకటుంది," అని గోపాలకృష్ణయ్యగారు చివరి ముక్క చదివారు. "అభ్యర్థిని అయిదేళ్ళకు తక్కువ కాకుండా బాగుగా ఎరిగిన ఇద్దరు పెద్దమనుషులు అతని నడవడిని గురించి యోగ్యతాపత్రాలు ఇయ్యవలెను."

స్కూలు హెడ్మాస్టర్లు ఇట్టే బదిలీ అయిపోతుంటారు. వాళ్ళలో అయిదేళ్ళుగా శ్రీమన్నారాయణను ఎరిగినవారు లేరు. ఎరిగింది ఈ వీధే. పెద్దమనుషులు ఎవరనేది ఎవరూ చర్చించలేదు. గోపాలకృష్ణయ్యగారు అప్పటికే కలం పాళీ మారుస్తున్నారు.

తన పత్రం తనే రాసుకున్నారు. మజీద్‌ది కూడా ఆయనే రాశారు, మజీద్ పక్కన కూర్చుని తెలుగులో చెబుతుంటే.

"నా తమ్ముడి కొడుకులాంటోడు అని రాయండి పంతులుగారూ. ఆ గుండెకాయ మంచిదని నేను పూచీ అని రాయండి."

"'లాంటోడు' అంటే జోరు తగ్గుద్దయ్యా," అన్నారు గోపాలకృష్ణయ్యగారు. "అది తీసేద్దాం. తమ్ముడి కొడుకు. అంతే. చూడు, ఎంత బలమొచ్చిందో!"

ఆ రెండు పత్రాలూ శ్రీమన్నారాయణ గదిలో కూర్చుని చదువుకున్నాడు. ఒకదాని ప్రకారం ఆయన గోపాలకృష్ణయ్యగారికి అల్లుడు. రెండోదాని ప్రకారం అబ్దుల్ మజీద్ తమ్ముడి కొడుకు. చదువుకున్నవాడు, మద్రాసు చూసినవాడు, ఇది కుదిరే సంగతి కాదని తెలియనివాడు కాదు. తిరిగి వెళ్ళి ఆ ముక్కలు కొట్టేయమంటే వాళ్ళు కొట్టేసేవారే. కాని తను ఫలానావారి మనిషినని పుట్టి బుద్ధెరిగాక ఒక కాగితం మీద చూడటం ఆయనకు అదే మొదటిసారి. మరొకసారి చదువుకున్నాడు. మర్నాడు అట్లాగే కవర్లో పెట్టి పంపేశాడు.

కాగితాలు తిరిగొచ్చాయి. రెండు పత్రాల మీదా ఎర్ర పెన్సిలు గీతలు, వెంట ఒక చీటీ. బంధువుల యోగ్యతాపత్రాలు చెల్లవు. పైగా ఈ రెండు బంధుత్వాలూ ఒకే మనిషికి ఎట్లా సంభవించినవో బోధపడలేదు. తమకు అభ్యర్థితో ఏ బంధుత్వమూ లేదని పెద్దమనుషులు స్పష్టంగా రాసివ్వవలెను. మార్చి ఆఖరులోగా అట్టి పత్రాలు అందని యెడల దరఖాస్తు తోసివేయబడును.

ఇది ఎట్లా అడగాలో శ్రీమన్నారాయణకు పాలుపోలేదు. స్కూలు నుంచి వస్తూ అరుగు ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు.

"ఏందిరా అల్లుడా, అరుగు కొలతేస్తున్నావా?"

చీటీ ఆయన చేతిలో పెట్టాడు. ఆయన చదివారు. మజీద్‌ను పిలిపించారు. కోటమ్మను ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది.

"ఏమీ కానోడి మాట ఎవడు నమ్ముతాడయ్యా?" మజీద్‌కు నిజంగానే అర్థం కాలేదు. "నా కొట్టుకొచ్చి ఫలానావాడు మంచోడంటే, నీకేమైతాడని అడుగుతా. ఏమీ కాడంటే, మరి నీకెట్టా తెలుసని పంపించేస్తా. లోకమంతా అంతేగా!"

"వాళ్ళ పద్ధతి వేరు బాబాయ్. అయినవాళ్ళు లేనిది ఉన్నట్టు చెప్తారని వాళ్ళ భయం."

"కానోళ్ళు చెప్పరా?" అంది కోటమ్మ. "సీమోళ్ళకి కానోళ్ళ సంగతి తెలిసినట్టు లేదు."

గోపాలకృష్ణయ్యగారు కాగితం పరిచి, మార్జిను మడిచి, రాశారు. రాసింది పైకి చదివారు. ఇతనికిని నాకును ఎట్టి బంధుత్వమును లేదు. ఇతడు మా వీధిలో కాపురముండు వ్యక్తి మాత్రమే. రెండో కాగితం కూడా అట్లాగే రాశారు. మజీద్ సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది, "మాట మీది పంతులుగారూ, వేళ్ళు మాత్రమే నావి," అన్నాడు.

అక్కడితో అయిపోవలసింది. కాని గోపాలకృష్ణయ్యగారు సర్వీసంతా కాగితాల మధ్య గడిపిన మనిషి.

"వినండి," అన్నారు. "నేను చూశా. కాగితం వెళ్ళిందంటే దాని వెనకాల ఎంక్వైరీ వస్తుంది. వచ్చేవాడు డవాలా బంట్రోతుతో రాడు. పరాయివాడిలా వస్తాడు, మంచినీళ్ళడుగుతాడు, కబుర్లలో పెడతాడు. అప్పుడు మనలో ఎవరి నోటనైనా అల్లుడనో అబ్బాయనో వచ్చిందా, వీడి సీటు గోవిందా, నేను రాసింది అబద్ధమని నా పెన్షనూ గోవిందా. కాబట్టి రేపట్నించి ఈయన మాస్టారు. మనకేమీ కాడు. సీటు వచ్చేదాకా అంతే."

అందరూ నవ్వారు. శ్రీమన్నారాయణ కూడా నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో చెంబు చప్పుడైంది. ఆయన వచ్చేసరికి పాలు గడప మీదున్నాయి, కోటమ్మ వీధి మధ్యకు వెళ్ళిపోయింది.

"పాలు పెట్టానండీ మాస్టారుగారూ."

"ఇదేంటి పిన్నీ?"

కోటమ్మ ఇటూ అటూ చూసి, పళ్ళ బిగువున, "పిన్నేంది పిన్ని! ఎవరన్నా వింటే?" అంది. ఆ తరువాత గట్టిగా, వీధి చివరిదాకా వినిపించేట్టు, "రేపు కూడా అరశేరేనా అండీ?" అని అడిగింది.

మొదట్లో తమాషాగానే ఉండేది. మజీద్ కొట్టు ముందు నుంచి వెళుతుంటే, "మాస్టారుగారికి దండాలు," అని లేచి నుంచునేవాడు. గోపాలకృష్ణయ్యగారు కళ్ళజోడు మీంచి చూసి, "స్కూలు నుంచేనా అండీ రావడం?" అనేవారు, ఎప్పుడూ ఎరగని మనిషిని పలకరించినట్టు. వాళ్ళు ఏ పనినైనా సగం సగం చేసే మనుషులు కారు. శ్రీమన్నారాయణ మేలు కోరి చేస్తున్నారు గనక మరీ శ్రద్ధగా చేశారు. వాకిట్లో కబుర్లు ఆగిపోయాయి, కబుర్లలో నోరు జారుతుందని. అరుగు మీద చీట్ల పేకకు పిలవడం మానేశారు, ఆటలో ఒళ్ళు తెలియదని. ఉగాది పచ్చడి మజీద్ కొట్టు గుమాస్తా చేత, ఆకు దొన్నెలో, "వీధి వారి తరపున" అని పంపించారు.

ఎండలు ముదిరాక శ్రీమన్నారాయణకు చలిజ్వరం వచ్చింది. రెంటచింతల వైపు నుంచి వచ్చే గాలికి గోడలే కాలిపోతుంటే, ఆయన దుప్పటి కప్పుకుని వణుకుతూ పడుకున్నాడు. అంతకు ముందోసారి ఇట్లాగే జ్వరం వస్తే, కోటమ్మ తిన్నగా లోపలికొచ్చి కుంపటి రాజేసి, జావ కాచి, ఆ రాళ్ళ మీదే గిన్నె పెట్టి, "ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చినయ్" అని పోయింది. ఈసారి గడప అవతల నిలబడింది. చేతిలో జావ గిన్నె ఉంది. లోపలికి రావాలా వద్దా అని కాలు ఆడుతోంది. వీధిలో ఎవరో కొత్త మనిషి సైకిలు మీద పోతున్నాడు.

"ఒంట్లో ఎట్టా ఉందండీ?" అని అడిగింది.

ఆ 'అండీ' ఆయన్ని జ్వరం కంటే ఎక్కువ కుదిపింది. "పరవాలేదండీ," అన్నాడు. గిన్నె గడప మీద పెట్టి ఆమె వెళ్ళిపోయింది. గడప దాకా వెళ్ళడానికి ఆయనకు చాలా సేపు పట్టింది. జావ చల్లారిపోయింది.

జ్వరం తగ్గి మళ్ళీ స్కూలుకు వెళ్ళిన రోజుల్లోనే, స్కూల్లో తెలుగు పండితుడు ఒక మాట చెవిన వేశాడు. నరసరావుపేటలో ఒక సంబంధం ఉంది. అమ్మాయి పేరు కుసుమ, స్కూలు ఫైనలు ప్యాసైంది. నిశ్చయం చేసుకుని వెళ్ళి, చదువు ముగించుకుని వచ్చి పెళ్ళి చేసుకున్నా వాళ్ళకు అభ్యంతరం లేదు. అన్నేళ్ళూ పిల్ల ఎదురుచూస్తుంది. శ్రీమన్నారాయణ అప్పుడు చూద్దాం లెండి అన్నాడు గాని, ఆ 'ఎదురుచూస్తుంది' అన్న మాట సాయంత్రం దాకా ఆయన వెంటే ఉంది. అన్నం తింటూ కూడా దాన్నే తలుచుకున్నాడు.

ఆ తరువాత వారంలో ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి ముగ్గురూ అరుగు దగ్గర ఆయన కోసమే కాచుకుని ఉన్నారు. మొహాలు వెలిగిపోతున్నాయి.

"వచ్చాడు!" అన్నాడు మజీద్. "ఎంక్వైరీ!"

"నేను చెప్పలా?" గోపాలకృష్ణయ్యగారు కుర్చీలో వెనక్కి వాలారు. "మధ్యాన్నం బండి దిగాడు. గొడుగు, జరీ ఉత్తరీయం. చూట్టానికి పరమ పెద్దమనిషి. ముందు మజీద్ కొట్టుకొచ్చి ధోవతులు చూశాడట, ఒక్కటీ కొనలా."

"ఒక్కటీ కొనలా," అన్నాడు మజీద్. "అప్పుడే నాకు తెలిసిపోయింది. ఈ మాస్టారు మీకెట్టా తెలుసు, మీకేమైనా అవుతాడా అన్నాడు. ఏమీ కాడు, వీధిలో ఉంటాడు అన్నా. ఎవరి తాలూకు మనిషి అన్నాడు. మాకేం తెలుసు, ఎక్కణ్ణించి వచ్చాడో అన్నా!"

"నన్నూ అడిగాడు," కోటమ్మ అందుకుంది. "తల్లితరపు వాళ్ళెవరన్నా వస్తుంటారా అమ్మా అని. పాలు పోస్తా, పోతా, నాకేం తెలుసయ్యా అన్నా. జబ్బేమన్నా చేస్తే చూసేదెవరన్నాడు. చూట్టానికెవరున్నారు, ఒక్కడే పడుంటాడన్నా. గట్టి మనిషిలే, ఆ వచ్చినాయన. పుట్టిన నక్షత్రం కూడా అడిగాడు. సీమోళ్ళు నక్షత్రాలు గూడా చూస్తారన్నమాట!"

శ్రీమన్నారాయణకు అర్థమైపోయింది. పిల్లనిచ్చేవాళ్ళు పని చెప్పకుండా, గుట్టుగా వచ్చి, నాలుగిళ్ళలో వాకబు చేసి పోవడం ఈ దేశంలో ఎవరికీ కొత్త కాదు. ఆ ముగ్గురూ తమ ఇళ్ళలో అలాంటి వాకబులు చేసినవాళ్ళే, చేయించుకున్నవాళ్ళే. ఇంకో రోజయితే గొడుగు నీడ కనపడగానే పసిగట్టేవారు. కాని వాళ్ళ కళ్ళు కొన్ని నెలలుగా మద్రాసు వైపు చూస్తున్నాయి.

"ఏమండీ, సరిగ్గా చెప్పామా?" అని అడిగారు గోపాలకృష్ణయ్యగారు. పరీక్ష రాసొచ్చిన పిల్లవాడి మొహం.

"చాలా బాగా చెప్పారు," అన్నాడు శ్రీమన్నారాయణ.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నాలుగు రోజుల తరువాత పండితుడు గుమ్మంలో నిలబడి నసిగాడు. "మీకు నా అనేవాళ్ళు ఒక్కరూ లేరటండీ. వీధి వీధంతా మాకేం కాడన్నారట. చీకటి గదిలోకి పిల్లనెట్లా పంపిస్తామన్నాడు ఆయన. నేనేం చెప్పను?" ఏమీ చెప్పవద్దన్నాడు శ్రీమన్నారాయణ. ఆ మాట వీధిలో ఎప్పుడూ ఎత్తలేదు.

జూలైలో సీటు వచ్చింది. మజీద్ కొట్టులోంచి ఎగిరి గంతేసినట్టు వచ్చి, ఆఖరి క్షణంలో నిలదొక్కుకుని, చేయి చాపి, "ముబారక్ మాస్టారుగారూ," అన్నాడు. ఆ కవరులోనే ఇంకొక కాగితం ఉంది. ఓడ ఎక్కే ముందు నింపి పంపాలి. అందులో ఒక గడి. ప్రమాదము సంభవించిన యెడల కబురు చేయవలసిన దగ్గరి బంధువు పేరు, అతనితో సంబంధము.

ఆయన ఆ కాగితం పట్టుకుని అరుగు మీదికి వెళ్ళాడు. గోపాలకృష్ణయ్యగారు ఒక్కరే ఉన్నారు.

"మామయ్యా," అన్నాడు. చాలా రోజులకు నోట వచ్చిన మాట. "దీంట్లో మీ పేరు రాయనా?"

గోపాలకృష్ణయ్యగారు కాగితం చదివారు. మళ్ళీ చదివారు. ఆయన మొహం పాలిపోయింది.

"ఒరేయ్... అబ్బే, మాస్టారూ, రెండు కాగితాలూ ఒకే ఫైల్లో ఉంటాయండీ. ఏమీ కాడని సంతకం పెట్టింది నేనే. ఇప్పుడు దగ్గరి బంధువునూ నేనే అంటే, మొత్తం తిరగదోడతారు. వచ్చిన సీటు పోతుంది."

"మజీద్ బాబాయ్?"

"ఆయనా సంతకం పెట్టాడుగా."

కోటమ్మ పేరు ఆ క్షణాన ఇద్దరికీ తట్టలేదో, ఆవిడ సంగతి కూడా ఎంక్వైరీలో నమోదై ఉంటుందని గోపాలకృష్ణయ్యగారు భయపడ్డారో చెప్పలేం. ఆయన కాగితం తిరిగి శ్రీమన్నారాయణ ముందు పెట్టారు.

"ఎవరూ లేరని రాయండి. కాగితానికి అదే క్షేమం."

శ్రీమన్నారాయణ అక్కడే, ఆయన కలంతోనే రాశాడు. ఇంగ్లీషులో అది చాలా చిన్న మాట, రాయడానికి ఎంతోసేపు పట్టదు. గోపాలకృష్ణయ్యగారు అద్దుడు కాగితం అందించారు.

ఓడ తేదీ ఖాయమయ్యాక గోపాలకృష్ణయ్యగారు వీధికి విడుదల ప్రకటించారు, ఇక ఎవరు ఏమని పిలుచుకున్నా భయం లేదని. కాని అంతకాలం తిప్పిన నాలుకలు వెంటనే వెనక్కి రాలేదు. మజీద్ కొత్త కోటు గుడ్డ తెచ్చి, "ఇది మీకు... నీకు... బేటా," అని మూడు మెట్లెక్కి అక్కడికి చేరుకున్నాడు. శ్రీమన్నారాయణకూ అంతే. బాబాయ్ అనబోతే ముందు మజీద్‌గారూ అని వచ్చింది.

ప్రయాణానికి ముందురోజు కోటమ్మ లోపలికొచ్చింది. ట్రంకు పెట్టె చూసింది, గోడవార రాళ్ళు చూసింది. వాటి పక్కన కూర్చుంది.

"అంత సముద్రం అంటున్నారు," అంది. "నీకేదన్నా అయితే ఎవరికి చెప్తార్రా?"

శ్రీమన్నారాయణ బట్టలు మడవడం ఆపలేదు. "నీకే చెప్తారు పిన్నీ. నీ పేరే రాశాను."

కోటమ్మ సంతోషిస్తుందనుకున్నాడు. ఆవిడ కంగారు పడింది.

"నా పేరా! నాకు ఇంగిలీషు ఎట్టా వస్తుందిరా? వాళ్ళేదో కాయితం పంపిస్తే నేను చదువుకోలేనే! అందులో ఏముందో తెలవక చూరులో పెట్టి కూచుంటే?"

ఆయన ఏదో చెప్పేలోగా లేచి, చెంగు బిగించుకుని, వీధి దాటి అరుగు ముందుకు వెళ్ళిపోయింది. ఆయన వెనకే గుమ్మం దాకా వచ్చాడు.

"పంతులుగారూ! పిల్లోడు సీమ కాయితంలో నా పేరు రాశాడంట. ఏమన్నా ఉత్తరం వస్తే పొద్దనకా మాపనకా మీ దగ్గరికి తెస్తా. చదివిపెట్టాలి. తప్పించుకోకూడదు."

గోపాలకృష్ణయ్యగారు తలెత్తారు. కోటమ్మ భుజం మీదుగా గుమ్మంలో నిలబడ్డ శ్రీమన్నారాయణను చూశారు. ఆ కాగితం మీద ఏముందో తెలిసినవాళ్ళు ఆ వీధిలో ఇద్దరే. ఆయన కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడుచుకుంటూ ఉండిపోయారు.

"వస్తే తీసుకురా కోటమ్మా," అన్నారు చివరికి. "నేను చదివిపెడతాలే."